దారి ఇచ్చే సంస్కారం

మానవ సమాజం ఏర్పరచుకున్న ఉమ్మడి ఆస్తులలో దారి మొట్టమొదటిది. చెరువు, సత్రం, చావడి వెలియక ముందే మనిషి నడిచిన కాలిబాట వెలిసింది. పొలానికి గట్టు ఉంటుంది, ఇంటికి ప్రహరీ ఉంటుంది. దారి మీద మాత్రం ఎవరి పేరూ రాసి ఉండదు. తలపై గంపతో నడిచే పండ్లమ్మి, ఎడ్లబండి తోలే రైతు, సైకిలు తొక్కే విద్యార్థి, కారు నడిపే ఉద్యోగి అందరూ దానికి సమాన హక్కుదారులే. అయితే వారి హక్కు సమానమైనా బలం సమానం కాదు. ఒకరు ఇనుప కవచంలో కూర్చుని ప్రయాణిస్తే, మరొకరు తన ఒంటినే కవచం చేసుకొని ప్రయాణిస్తారు. నేటి రహదారులపై జరుగుతున్న అనేక విషాదాలకు ఈ అసమానతను విస్మరించడమే మూలం.

కారుకూ సైకిలుకూ మధ్య ఉన్న సంబంధం పరిశీలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్ నగరంలో కార్ల్ ఫాన్ డ్రైస్ అనే వ్యక్తి రెండు చక్రాలను ఒకదాని వెనుక ఒకటి అమర్చిన వాహనంపై కూర్చుని, కాళ్లతో నేలను తన్నుకుంటూ ప్రయాణించాడు. సైకిలుకు అదే తొలిరూపం. అదే మాన్‌హైమ్ నగరంలో 1886లో కార్ల్ బెంజ్ తన మోటారు వాహనానికి పేటెంటు పొందాడు. ఆ తొలి కారుకు సైకిలు చక్రాల వంటి సన్నని ఊచల చక్రాలే ఉండేవి. జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల సైకిలు కోసం రూపొందించిన గాలి నింపిన టైరుకు 1888లో పేటెంటు పొందాడు. తరువాత ఆ టైరే కారుకూ ఆధారమైంది. అమెరికాలో 1880లో ఏర్పడిన సైకిలు ప్రయాణికుల సంఘం మంచి రోడ్ల కోసం ఉద్యమించడం ఆరంభించిన కాలానికి ఆ దేశపు రోడ్లపై కార్లు లేవు. కాబట్టి సైకిలును కారుకు అన్న అనడంలో అతిశయోక్తి లేదు. ఒకే ఊరిలో పుట్టిన ఈ అన్నదమ్ములు కాలక్రమంలో దాయాదులై దారి కోసం తగవు పడవలసి రావడం విచారకరం.

తెలుగునాట సైకిలు సామాన్యుని జీవితంలో భాగమై ఎన్నో దశాబ్దాలు గడిచాయి. తపాలా జవాను, పాలమనిషి, బట్టల మూట కట్టుకొని ఊరూరా తిరిగే వర్తకుడు దానినే నమ్ముకున్నారు. ఊరి బడిపంతులుకు అది గౌరవచిహ్నం. అద్దె సైకిళ్ల దుకాణంలో గంట లెక్కన సైకిలు తీసుకొని, సీటు అందక అడ్డతొక్కుడుతోనే ఊరంతా తిరిగిన బాల్యాలు లెక్కలేనన్ని. ఒకప్పుడు పురపాలక సంఘాలు సైకిలుకు పన్ను వసూలు చేసి రేకుబిళ్ల ఇచ్చేవి. రాత్రివేళ దీపం లేకుండా ప్రయాణిస్తే పోలీసులు ఆపేవారు. అంటే నాటి సమాజం సైకిలును ఒక వాహనంగా గుర్తించి, దానికి హక్కుతో పాటు బాధ్యతనూ నిర్దేశించింది.

నేడు మోటారు వాహనాలు పెరిగి సైకిలు వెనుకబడినట్లు కనిపించినా, అది అదృశ్యం కాలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో ప్రతి 100 కుటుంబాలలో దాదాపు 45 కుటుంబాలకు సైకిలు ఉంది. కారు, జీపు వంటి వాహనం ఉన్నవి 5 కుటుంబాలకు మించలేదు. తెల్లవారకముందే వార్తాపత్రికలు పంచే కుర్రవాడు, రాత్రి కాపలా ముగించుకొని ఇంటికి మళ్లే వృద్ధుడు, పనిముట్ల సంచి తగిలించుకొని పోయే తాపీమేస్త్రీ నేటికీ సైకిలు మీదనే కనిపిస్తారు. వ్యాయామం కోసం తొక్కేవారికి సైకిలు ఒక ఎంపిక. వీరికి అది జీవనాధారం.

బాలికల చదువుకు కూడా ఈ విషయంతో దగ్గరి సంబంధం ఉంది. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతిలో చేరే బాలికలకు సైకిళ్లు అందించే పథకాన్ని ప్రారంభించింది. ఆ పథకం వల్ల ఉన్నత పాఠశాలలలో బాలికల చేరిక దాదాపు మూడవ వంతు పెరిగిందని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్‌ల అధ్యయనం తెలిపింది. ఉన్నత పాఠశాల ఊరికి దూరంగా ఉన్నచోట రెండు చక్రాలు ఒక ఆడపిల్ల భవిష్యత్తును మార్చగలవు. కాని ఆ పిల్ల వెళ్లే రోడ్డు భద్రమైనదని తల్లిదండ్రులు నమ్మినప్పుడే సైకిలు గడప దాటుతుంది. రోడ్డు మీద ఒక కారు అదుపు లేని వేగంతో దూసుకుపోతే, దాని ప్రభావం ఆ క్షణంతో ముగియదు. ఏ ఇంటిలోనో ఒక తండ్రి మనస్సులో భయం నాటుకుంటుంది. మరునాటి నుండి ఒక పిల్ల చదువు ఆగిపోతుంది.

ఈ భయం నిరాధారమైనది కాదు. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలోని రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో సైకిలు ప్రయాణికులు నాలుగు వేలకు పైగా ఉన్నారు. ప్రపంచవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాలలో మరణించేవారిలో సగానికి పైగా పాదచారులు, సైకిలు తొక్కేవారు, మోటారు సైకిళ్లపై వెళ్లేవారేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. అంటే ఇనుప కవచం లేనివారే రహదారులపై ఎక్కువగా బలి అవుతున్నారు.

ప్రమాద తీవ్రతను నిర్ణయించేది ప్రధానంగా వేగం. వేగం రెట్టింపు అయితే వాహనంలోని గతిశక్తి నాలుగు రెట్లు అవుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు సాగుతుంది. ఎదుట ఆపదను గమనించి బ్రేకు మీద కాలు మోపడానికి డ్రైవరుకు ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, బ్రేకు పనిచేయడం ఆరంభించకముందే కారు 25 మీటర్లు దాటిపోతుంది. వేగం 30 కిలోమీటర్లే అయితే ఆ దూరం సగానికి తగ్గుతుంది. ఢీకొన్నప్పుడు తగిలే దెబ్బ తీవ్రత ఇంకా ఎంతో తగ్గుతుంది. కారులోని వ్యక్తికి ఈ తేడా వల్ల కలిగే నష్టం రెండు మూడు నిమిషాల ఆలస్యం. సైకిలు మీది వ్యక్తికి ఆ తేడా ప్రాణానికీ మరణానికీ నడుమ దూరం.

దారి కోసం తగవు ఎంత అనర్థానికి దారితీస్తుందో చెప్పే కథ మహాభారతంలోనే ఉంది. ఆదిపర్వంలో గంధర్వుడు అర్జునునికి వినిపించిన వసిష్ఠ వృత్తాంతంలో భాగంగా వచ్చే ఈ కథను నన్నయ తెలుగువారికి అందించాడు. ఇక్ష్వాకు వంశపు రాజైన కల్మాషపాదుడు వేటాడి అలసి అడవిలో వస్తున్నాడు. ఎదురుగా వసిష్ఠుని పెద్దకుమారుడు శక్తి మహర్షి వస్తున్నాడు. దారి ఇరుకైనది. తప్పుకొమ్మని రాజు ఆజ్ఞాపించాడు. తపస్సంపన్నునికి రాజే దారి ఇవ్వడం ధర్మమని ముని బదులు చెప్పాడు. ఇద్దరిలో ఎవరూ పక్కకు జరగలేదు. ఆగ్రహించిన రాజు మునిని కొరడాతో కొట్టాడు. నరమాంసభక్షకుడవు కమ్మని ముని శపించాడు. శాపగ్రస్తుడైన రాజు చేతిలో మొదట ప్రాణం కోల్పోయినవాడు శక్తియే. తరువాత అతని తమ్ములందరూ బలి అయ్యారు. వందమంది కుమారులను పోగొట్టుకున్న వసిష్ఠుడంతటివాడు దుఃఖం భరించలేక ప్రాణత్యాగానికి సిద్ధపడ్డాడు.

ఇంతటి వినాశానికి కారణం రాజ్యం కాదు, ధనం కాదు. ఒక ఇరుకుదారిలో ఒక అడుగు పక్కకు జరగకపోవడం. ఈ కథలో గమనింపదగిన అంశాలు రెండు ఉన్నాయి. బలవంతుడైన రాజు చేతిలో కొరడా ఉండటం వల్లనే తగవు హింసగా మారింది. బలం చేతిలో ఉన్నవానికి సహనం లేకపోతే ఎదుటివానికి రక్షణ లేదు. రెండవది మరింత లోతైనది. శక్తి వాదన ధర్మబద్ధమైనదే కావచ్చు. కాని అది అతని ప్రాణాన్ని కాపాడలేదు. దారిపై తన హక్కు న్యాయమైనదని తెలిసిన సైకిలు ప్రయాణికుడు కూడా దూసుకువచ్చే వాహనం ఎదుట హక్కును నిరూపించుకోవడానికి ప్రయత్నించరాదు. న్యాయం తరువాతనైనా పొందవచ్చు. పోయిన ప్రాణం తిరిగి రాదు.

అలాగని బలహీనుడే ఎల్లప్పుడూ తప్పుకోవాలనడం ధర్మం కాదు. బెజవాడ స్థలపురాణంలోని మాధవవర్మ కథ ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. రాజకుమారుని రథచక్రాల కింద పడి ఒక పేదరాలి బిడ్డ మరణించాడు. ఆ తల్లి రాజును ఆశ్రయించింది. రథంలో ఉన్నవాడు తన కన్నకొడుకేనని తెలిసి కూడా మాధవవర్మ అతనికి మరణదండన విధించాడు. ఆ ధర్మనిరతికి మెచ్చి దైవం కనకవర్షం కురిపించిందని పురాణం చెబుతుంది. శిక్ష ఎంత కఠినమైనదన్నది అలా ఉంచితే, ఆ కథను తరతరాలుగా చెప్పుకున్న ప్రజల హృదయం ముఖ్యం. బిడ్డ రథానికి అడ్డం ఎందుకు వచ్చాడని ఆ రాజు అడగలేదు. రథం నడిపినవాడు ఎందుకు జాగ్రత్త వహించలేదని అడిగాడు. వాహనం ఎంత బలమైనదైతే దానిని నడిపేవాని బాధ్యత అంత గొప్పదన్న సూత్రం అందులో ఇమిడి ఉంది.

ఆధునిక చట్టాలు కూడా ఈ సూత్రాన్నే అనుసరిస్తున్నాయి. ఎక్కువ హాని కలిగించగల వాహనాన్ని నడిపేవారిపై ఎక్కువ బాధ్యత ఉంటుందని బ్రిటన్ 2022లో సవరించిన తన రహదారి నియమావళిలో పేర్కొన్నది. సైకిలును దాటే కారు కనీసం ఒకటిన్నర మీటర్ల దూరం పాటించాలని, వేగం ఎక్కువైతే ఆ దూరమూ పెరగాలని సూచించింది. భారతదేశంలో 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు పాదచారులు, సైకిలు ప్రయాణికులు, బాలలు, వృద్ధులు, దివ్యాంగుల భద్రత విషయంలో డ్రైవర్లు ప్రత్యేక శ్రద్ధ చూపాలని నిర్దేశించాయి. నియమం పుస్తకంలో ఉంది. అది డ్రైవరు చేతి స్టీరింగులోకి రావలసి ఉంది.

ఒకరి కష్టం మరొకరికి తెలియకపోవడం వల్ల రోడ్డుపై ద్వేషం పెరుగుతుంది. సైకిలు అంచు వదిలి రోడ్డు లోపలికి జరిగితే, అది తన దారికి అడ్డమని కారు నడిపేవారు విసుక్కుంటారు. కాని రోడ్డు అంచున ఏముంటుందో సైకిలు తొక్కేవానికే తెలుసు. అక్కడ ఇసుక మేట వేసి ఉంటుంది, గాజుపెంకులు ఉంటాయి, మురుగుకాలువ జాలీల సందులలో సన్నని చక్రం ఇరుక్కుంటుంది, తారు తెగి మట్టి ఆరంభమయ్యే చోట చక్రం జారుతుంది. కారు సులభంగా దాటిపోయే గుంట సైకిలును పడగొట్టగలదు. పక్కనుండి వేగంగా దూసుకుపోయే లారీ గాలి విసురుకే సైకిలు తూలిపోతుంది. వెనుకనుండి అకస్మాత్తుగా హారను మోగిస్తే ఉలిక్కిపడి అదుపు తప్పవచ్చు. ఆగి ఉన్న కారు తలుపు హఠాత్తుగా తెరుచుకుంటే తప్పించుకునే వ్యవధి ఉండదు.

కాబట్టి కారు నడిపేవారు సైకిలును దాటేటప్పుడు వేగం తగ్గించాలి. కుడివైపునుండి తగినంత ఎడంతో దాటాలి. ఎడం లేకపోతే దారి విశాలమయ్యే వరకు వెనుకనే ఆగాలి. సైకిలును దాటిన మరుక్షణమే దాని ముందు ఎడమవైపుకు మలుపు తిప్పరాదు. రాత్రివేళ ఎదురుగా సైకిలు వస్తుంటే లైట్లు డిమ్ చేయాలి. కారు దిగబోయే ముందు వెనుకకు చూడాలి. నెదర్లాండ్స్‌లో తలుపుకు దూరంగా ఉన్న చేతితో తలుపు తెరవడం అలవాటు చేసుకుంటారు. కుడివైపు తలుపును ఎడమచేతితో తెరిచినప్పుడు శరీరం దానంతటదే తిరుగుతుంది. చూపు వెనుకకు మళ్లుతుంది. ఖర్చు లేని ఈ చిన్న అలవాటు ఒక నిండు ప్రాణాన్ని కాపాడగలదు.

అదే విధంగా కారు నడిపేవారి ఇబ్బంది సైకిలు తొక్కేవారికీ తెలియాలి. రాత్రివేళ ఎదుటి వాహనాల వెలుగు కళ్లలో పడినప్పుడు, ముదురురంగు దుస్తులు ధరించి దీపం లేకుండా వెళ్లే మనిషి డ్రైవరుకు నీడలా కూడా కనిపించడు. బస్సు, లారీ నడిపేవారికి వాహనం ఎడమపక్కన కొంతమేర ఏమీ కనిపించదు. అక్కడ సైకిలు నిలిపితే, వాహనం ఎడమకు తిరిగినప్పుడు చక్రాల కింద పడే ప్రమాదం ఉంటుంది. పెద్ద వాహనపు అద్దంలో డ్రైవరు ముఖం మనిషికి కనిపించకపోతే, ఆ మనిషి కూడా డ్రైవరుకు కనిపించడం లేదని గ్రహించాలి.

ఈ కారణంగా సైకిలుకు ముందు దీపం, వెనుక ఎర్రని ప్రతిఫలకం, పనిచేసే బ్రేకులు, మోగే గంట తప్పనిసరిగా ఉండాలి. లేతరంగు దుస్తులు, శిరస్త్రాణం ధరించడం మేలు. ఎడమవైపుననే, తిన్నగా, ఒకరి వెనుక ఒకరు ప్రయాణించాలి. మలుపు తిరిగే ముందు వెనుకకు చూసి, చేతితో సంజ్ఞ చేసి తిరగాలి. జనవ్యవహారంలో ‘రాంగ్ రూట్’ అని పిలిచే ఎదురుదారి ప్రయాణం కొంత దూరాన్ని తగ్గించవచ్చు; కాని డ్రైవరు ఊహించని చోట సైకిలు ఎదురుపడటమే ప్రమాదానికి హేతువు. ఎర్రదీపం కారుకు మాత్రమే వర్తిస్తుందనుకోవడం, చెవిలో పాటలు వింటూ తొక్కడం, స్నేహితుని భుజంపై చేయి వేసుకొని పక్కపక్కనే వెళ్లడం ఆత్మరక్షణకు విరుద్ధమైన పనులు. రోడ్డుపై గౌరవం కోరేవాడు రోడ్డు నియమాన్ని తాను ముందుగా గౌరవించాలి.

వ్యక్తుల సంస్కారానికి తోడు రహదారి నిర్మాణం కూడా సహకరించాలి. సైకిళ్ల దేశంగా పేరొందిన నెదర్లాండ్స్ మొదటినుండీ అలా లేదు. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాలలో 3 వేలమందికి పైగా మరణించారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. కడుపుకోత భరించలేని తల్లిదండ్రులు, పౌరులు ‘పిల్లల హత్యను ఆపండి’ అన్న నినాదంతో వీధులలోకి వచ్చారు. 1973లో తలెత్తిన చమురు సంక్షోభం కూడా ప్రభుత్వాన్ని ఆలోచింపజేసింది. క్రమంగా సైకిళ్లకు ప్రత్యేక బాటలు ఏర్పడ్డాయి. నివాస ప్రాంతాలలో కార్ల వేగం తగ్గింది. నేడు ఆ దేశంలో మనుషుల సంఖ్య కంటే సైకిళ్ల సంఖ్యే ఎక్కువ.

హైదరాబాదులో బాహ్యవలయ రహదారి పక్కన 23 కిలోమీటర్ల పొడవున, సౌరఫలకాల పైకప్పుతో నిర్మించిన సైకిలు బాట 2023 అక్టోబరులో ప్రారంభమైంది. ఎండావానల బాధ లేకుండా, మోటారు వాహనాల భయం లేకుండా తొక్కే వీలు కల్పించిన ఆ ప్రయత్నం అభినందనీయం. అయితే పత్రికలు పంచే కుర్రవాడు, తాపీమేస్త్రీ, బడికి వెళ్లే బాలిక ప్రయాణించేది ఊరి నడిబొడ్డున ఉన్న ఇరుకురోడ్ల మీద. ప్రతి వీధికీ ప్రత్యేక బాట వేయడం సాధ్యం కాదు. గుంటలు పూడ్చడం, కాలువ జాలీలు సరిచేయడం, బడుల సమీపంలో వేగాన్ని అదుపు చేయడం మాత్రం ప్రతి ఊరిలోనూ సాధ్యమే. మిగిలిన లోటును మనుషులే పరస్పర సహకారంతో పూరించుకోవాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ప్రమాదం జరిగితే ఆగి ఆదుకోవడం మనిషి కనీస ధర్మం. గాయపడినవారికి వైద్యసహాయం అందేలా చూడవలసిన బాధ్యతను 1988 నాటి మోటారు వాహనాల చట్టం డ్రైవరుపై ఉంచింది. సహాయపడితే కేసులలో చిక్కుకుంటామన్న భయంతో చాలామంది వెనుకాడతారు. సదుద్దేశంతో సహాయపడినవారికి రక్షణ కల్పిస్తూ 2019లో ఆ చట్టానికి సవరణ జరిగింది. ప్రమాదం తరువాతి మొదటి గంట అత్యంత విలువైనది. ఆ గంటలో ఫోనులో దృశ్యాన్ని చిత్రించే చేయి కంటే, 108కు ఫోను చేసే చేయి గొప్పది.

జూనియర్ కళాశాల విద్యార్థులది ఈ విషయంలో విశిష్టమైన స్థానం. నేడు వారిలో అనేకులు సైకిలుపై కళాశాలకు వస్తున్నారు. 18 ఏళ్లు నిండగానే లైసెన్సు పొంది వారిలో కొందరు కారు నడుపుతారు. రెండువైపుల అనుభవమూ పొందే అవకాశం వారికి ఉంది. సైకిలుపై వెళ్లినప్పుడు వెనుకనుండి వినిపించిన హారనుకు గుండె ఎలా అదిరిందో, పక్కనుండి దూసుకుపోయిన వాహనపు గాలికి చేతులు ఎలా వణికాయో స్టీరింగు ముందు కూర్చున్ననాడు గుర్తుంచుకుంటే చాలు. వేరే పాఠం అవసరం లేదు. చేతిలోకి బలం రాగానే నిన్నటి బలహీనతను మరచిపోయేవాడు కల్మాషపాదుడవుతాడు.

ఎదుటివారికి దారి ఇవ్వడాన్ని ఓటమిగా భావించడం అవివేకం. తప్పుకొని నిలిచినవాడు నష్టపోయేది కొన్ని క్షణాలే. ఆ క్షణాల విలువ దారి పొందినవాని ఇంటిలో తెలుస్తుంది. చీకటి పడిన తరువాత సైకిలు గంట వినిపిస్తుందేమోనని గుమ్మంలో నిలబడి ఎదురుచూసే తల్లి, భార్య, పిల్లలు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. వారి నిరీక్షణ ఫలించి, వెళ్లిన మనిషి క్షేమంగా ఇల్లు చేరడమే రహదారి సాధించవలసిన పరమప్రయోజనం. పెద్ద వాహనం చిన్న వాహనానికి, చిన్న వాహనం కాలినడకన పోయేవారికి దారి ఇచ్చిననాడే ఆ ప్రయోజనం నెరవేరుతుంది.